మైపాడు దగ్గర ఇల్లు, అడ్వాన్స్ ఇప్పుడే పంపొచ్చా?

అందరికీ నమస్కారం. మాది కావలి. డల్లాస్ వచ్చి కొద్ది నెలలే అయింది. డిసెంబరులో ఊరికి వస్తున్నాను. అత్తగారి వైపు వాళ్లు, మావాళ్లు కలిసి రెండు రోజులు మైపాడు బీచ్ దగ్గర ఉందామని ఫేస్‌బుక్‌లో ఒక విల్లా చూశాను. ఓనర్ సగం అడ్వాన్స్ ఇవాళే ఫోన్‌పే చేయమంటున్నాడు, లేదంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట. నాన్న చేత పంపించేదా?

జవాబు: అట్లాంటా నుంచి, సొంతూరు నెల్లూరు

తమ్ముడూ, ఇవాళ పంపించొద్దు. నిజంగా ఇల్లున్నవాడు ఒక్క రోజు ఆగలేకపోడు. ముందు ఆ ఫొటోలు గూగుల్ లెన్స్‌లో వేసి చూడు. అదే హాలు, అదే స్విమ్మింగ్ పూల్ గోవాలోనో చెన్నై ఈసీఆర్ మీదో ఇంకో పేరుతో కనబడితే ఇక మాట్లాడే పనే లేదు.

మనవాళ్లు అమెరికాలో ఇల్లు బుక్ చేసేటప్పుడు రివ్యూలన్నీ చదువుతారు. ఊళ్లో అయితే అవతలి మనిషి ఫోన్లో "ఎట్టా ఉండారన్నా" అనగానే నమ్మేస్తారు. నాకు అన్నిటికంటే భయం ఇదే. మన యాస మాట్లాడినంత మాత్రాన ఆ ఇల్లు అతనిదైపోదు.

నెల్లూరులో చుట్టాలుంటే ఎవరినైనా బండి మీద పంపించు. టౌన్ నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కుదరకపోతే వీడియో కాల్ అడుగు. ముందే తీసి పెట్టుకున్న వీడియో పంపితే ఒప్పుకోవద్దు. గేటు బయట రోడ్డు మీద నుంచి మొదలుపెట్టమను, తలుపు తాళం నువ్వు చూస్తుండగానే తీయమను. బాత్రూమ్‌లో కుళాయి తిప్పించు. సముద్రం దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, కాబట్టి తాగడానికి, వంటకి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో అడుగు. కరెంటు పోతే ఏసీ నడుస్తుందా, ఫ్యాన్లు మాత్రమేనా? గ్యాస్ సిలిండర్ ఉందా? ఆ ఇంటి కరెంటు బిల్లు చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. "బీచ్ పక్కనే" అని రాసినవాళ్లు లొకేషన్ పిన్ పంపడానికి నసిగితే వదిలేయ్.

వీలైతే ఎయిర్‌బిఎన్‌బి లాంటి యాప్‌లోనే, క్రెడిట్ కార్డు మీద కట్టు. అందులో నువ్వు ఇంట్లో దిగిన దాదాపు 24 గంటలకు గానీ ఓనర్‌కి డబ్బు విడుదల కాదు. అక్కడ కనబడిన ఓనరే "బయట కట్టండి, కమిషన్ మిగులుతుంది" అన్నా సరే, వద్దను. నాన్నగారికి మాత్రం ఒక విషయం గట్టిగా చెప్పు: మన ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టే పనే ఉండదు. "రిఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నారంటే అది మోసమే. పొరపాటున డబ్బు పోతే ఆయన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకీ చెప్పాలి.

ఇంకొకటి, డిసెంబరు మనకి తుపాన్ల నెల. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. అలాంటప్పుడు కావలి నుంచి నెల్లూరు రావడమే కష్టం. కాబట్టి రేటు కాస్త ఎక్కువైనా క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొచ్చే ఇల్లే చూసుకో. ఎప్పటిలోగా క్యాన్సిల్ చేయాలో తేదీ రాసి పెట్టుకో. ఈ ట్రిప్పు సంక్రాంతికి వాయిదా వేసుకోగలిగితే మరీ మంచిది.

జవాబు: న్యూజెర్సీ నుంచి, సొంతూరు ఒంగోలు

అన్నయ్య అన్నీ చెప్పారు. బాబూ, మైపాడులో దొరక్కపోతే మా ఒంగోలు పక్కన కొత్తపట్నం చూడు. చీరాల వాడరేవు, రామాపురం వైపు రిసార్టులు ఎక్కువ. అవి 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి, అందుకని ప్రకాశం అని వెతికితే కనబడకపోవచ్చు. మీతో వచ్చేవాళ్లలో అమెరికన్ పాస్‌పోర్టు ఉన్న పిల్లలుంటే ఓనర్‌కి ముందే చెప్పండి. విదేశీ పాస్‌పోర్టు వాళ్లు దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాల ఫారం (ఇదివరకు ఫారం సి అనేవారు) ఆన్‌లైన్‌లో పెట్టాల్సింది ఆయనే. ఆ మాటెత్తగానే "అవన్నీ అక్కర్లేదమ్మా" అంటే ఇంకో ఇల్లు చూసుకోండి.