విడాకులా, చెల్లని పెళ్లా? ఎనిమిదో హెన్రీ రాణుల పద్యానికి తెలుగు

ప్రశ్న:

ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి భార్యలుగా వచ్చిన ఆరుగురి గతిని అక్కడి పిల్లలు ఆరు మాటల్లో గుర్తుపెట్టుకుంటారు: ‘డివోర్స్‌డ్, బిహెడెడ్, డైడ్, డివోర్స్‌డ్, బిహెడెడ్, సర్వైవ్‌డ్’. మా అమ్మాయికి చెప్పడం కోసం దీన్ని ‘విడాకులు, శిరచ్ఛేదం, మరణం; విడాకులు, శిరచ్ఛేదం, మనుగడ’ అని తెలుగు చేశాను. చదువుతుంటే పత్రికలో శీర్షికల్లా ఉందే గాని పద్యంలా లేదు. చివరి ‘మనుగడ’ బొత్తిగా అతకలేదు. శిరచ్ఛేదమా, శిరశ్ఛేదమా అన్న సందేహం కూడా ఉంది. పెద్దలు సరిదిద్దగలరు.

సమాధానం:

సులువైన సందేహాన్ని ముందు తీర్చుకుందాం. శిరస్ అనే మాటకు ఛేదం చేరితే, ఛకారం పక్కన సకారం శకారంగా మారే శ్చుత్వసంధి వల్ల ‘శిరశ్ఛేదం’ అవుతుంది. అచ్చు తర్వాత ఛకారం వచ్చినప్పుడు ‘తరుచ్ఛాయ’లో లాగా చకారం వచ్చి చేరుతుంది కనుక, ‘శిర’ అనే అకారాంత రూపాన్ని తీసుకున్నవారికి ‘శిరచ్ఛేదం’ అవుతుంది. పత్రికల్లో ఈ రెండోదే ఎక్కువగా కనిపిస్తుంది. నేను మొదటిదే రాస్తాను, రెండోది రాసినవారిని తప్పుపట్టను.

అసలు చిక్కు ‘విడాకులు’ అన్న మాటలో ఉంది. విడిపోవాలంటే ముందు కలిసి ఉండాలి. పెళ్లి జరిగిందని, అది చెల్లిందని ఒప్పుకున్న తర్వాతే విడాకుల ప్రసక్తి వస్తుంది. హెన్రీ ఎవరికీ ఈ అర్థంలో విడాకులు ఇవ్వలేదు. 1509 జూన్ 11న పెళ్లాడిన మొదటి రాణి ఆరగాన్ కేథరీన్‌తో దాదాపు ఇరవై నాలుగేళ్లు కాపురం చేశాక, అసలు ఆ పెళ్లే చెల్లదని 1533 మే 23న ఆర్చిబిషప్ క్రాన్మర్ చేత తీర్పు చెప్పించాడు. నాలుగో రాణి క్లీవ్స్ యాన్‌తో 1540 జనవరి 6న జరిగిన పెళ్లి జూలై 9 నాటికి చెల్లకుండా పోయింది. మన హిందూ వివాహ చట్టం (1955) కూడా ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది: చెల్లని పెళ్లిళ్ల సంగతి 11, 12 సెక్షన్లలోనూ, విడాకుల సంగతి 13లోనూ ఉంటుంది.

‘రద్దు’ అంటే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. రైలు టికెట్టు రద్దు చేసుకున్నామంటే నిన్నటిదాకా అది మంచి టికెట్టే అని అర్థం. ఇక్కడ తీర్పు సారం అది కాదు, మొదటి నుంచీ పెళ్లే లేదని. ఈ భావానికి తెలుగులో ‘చెల్లు’ ధాతువును మించినది నాకు కనబడలేదు. చెల్లని కాసు ఏదో ఒకనాడు చెల్లడం మానిన కాసు కానక్కరలేదు, ముద్ర పడిన రోజు నుంచే చెల్లనిది కావచ్చు.

ఇక్కడ మన బంధువాచకాలు చేసే మేలు ఒకటి ఉంది. కేథరీన్ అంతకు ముందు హెన్రీ అన్న ఆర్థర్ భార్య. 1501లో పెళ్లయింది, 1502 ఏప్రిల్‌లో అతడు పోయాడు. ఆంగ్లంలో ఆమెను అన్నగారి వితంతువు అని వర్ణించి చెప్పాలి. మనకు ‘వదిన’ అన్న ఒక్క మాట చాలు, ఆ వ్యాజ్యంలో ముడి ఎక్కడుందో వివరించకుండానే తెలిసిపోతుంది. సోదరుని భార్యను చేసుకుంటే సంతానం ఉండదన్న బైబిలు లేవీయకాండము (20:21) మాటను హెన్రీ పట్టుకున్నాడు. బిడ్డలు లేకుండా పోయిన అన్న భార్యను తమ్ముడు చేసుకోవాలన్న ద్వితీయోపదేశకాండము (25:5) ఎదుటి పక్షానికి ఆసరా అయింది. కేథరీన్ మాత్రం ఆర్థర్‌తో తనకు కాపురమే జరగలేదని చివరిదాకా చెప్పింది. తీర్పు వచ్చాక ఆమెను రాణి అనకూడదని, వేల్స్ యువరాజు (అంటే ఆర్థర్) వితంతువు అనే పిలవాలని ఆజ్ఞ అయింది. అంటే ఇరవై నాలుగేళ్ల ఇల్లాలిని రాజశాసనం మళ్లీ వదినను చేసింది. ఆమె ఆ బిరుదును ఒప్పుకోకుండానే 1536 జనవరి 7న కింబోల్టన్‌లో కన్నుమూసింది.

క్లీవ్స్ యాన్ ఎదురు చెప్పలేదు. ఆమెకు లొరేన్ డ్యూకు కొడుకుతో చిన్నప్పుడు జరిగిన పెళ్లి మాటముచ్చటను, కాపురం జరగకపోవడాన్ని సాకుగా చూపి పెళ్లి చెల్లదన్నారు. ప్రతిఫలంగా రిచ్‌మండ్ భవనం, హీవర్ కోట, మంచి ఆదాయం, వాటితోపాటు ‘రాజుగారి ప్రియమైన సిస్టర్’ అన్న హోదా ఇచ్చారు. ఆంగ్లంలో అక్కో చెల్లెలో తేల్చవలసిన పని లేదు. తెలుగు చేసేవారు మాత్రం తేల్చాలి. ఆమె 1515లో, రాజు 1491లో పుట్టారు కనుక చెల్లెలే. చెల్లని పెళ్లి చెల్లెలిని ఇచ్చిందన్న చమత్కారం నేను వెతికి తెచ్చినది కాదు, మాటల్లోనే ఉంది. మొత్తం మీద ‘విడాకులు’ అని మీరు రాసిన ఇద్దరిలో ఒకరు రాజుకు వదిన, మరొకరు చెల్లెలు అయ్యారు. విడాకులతో ఈ బంధుత్వాలు కుదరవు.

ప్రశ్నించినవారు:

వివరణ బాగుంది కాని, ఒక అభ్యంతరం. ‘చెల్లదు’ సరైనదైతే ఆంగ్ల పద్యంలో ‘డివోర్స్’ అని ఎందుకున్నట్టు? వారి రాజు సంగతి వారికి తెలియదా? పైగా మిగిలిన మాటల గురించి మీరేమీ చెప్పలేదు.

సమాధానం:

తెలుసు. పదహారో శతాబ్దంలో ఆ మాటకు ఈ అర్థం కూడా ఉండేది. చర్చి న్యాయంలో పెళ్లి చెల్లదనడాన్నీ, చెల్లిన పెళ్లిలో దంపతులను వేరుగా ఉండనివ్వడాన్నీ అదే పేరుతో పిలిచేవారు. తర్వాత మాట అర్థం మారింది, పద్యం పాత మాటతోనే నిలిచింది. తెలుగు ‘విడాకుల’కు అటువంటి గతం లేదు కనుక ఆ వెసులుబాటు మనకు దక్కదు.

మిగిలిన మాటల్లో నన్ను ఇబ్బంది పెట్టేది వ్యాకరణం. ఆ ఆంగ్ల పదాలకు కర్త లేడు. ఎవరు నరికారో, ఎవరు వద్దన్నారో చెప్పకుండానే పద్యం పూర్తవుతుంది. మీరు వాటిని నామవాచకాలుగా మార్చడంతో ఆ కర్త ఇంకా దూరంగా వెళ్లిపోయాడు. శీర్షికల్లా ఉన్నాయని మీకు తోచింది అందుకే. తెలుగులో ‘నరికించాడు’ అంటే రాజు తానే వాక్యంలోకి వచ్చి నిలబడతాడు. రెండో రాణి యాన్ బొలీన్‌కు మే 15న వ్యభిచారం, రాజద్రోహం వంటి నేరాలపై మరణశిక్ష వేయించి, 17న ఆమెతో పెళ్లే చెల్లలేదనిపించి, 19న ఫ్రాన్సు నుంచి రప్పించిన ఖడ్గధారి చేత తల తీయించాడు. ఇదంతా 1536లో, ఒక్క వారంలో. అసలు భార్యే కాని మనిషికి భర్తను మోసం చేసిన నేరం ఎలా అంటుతుందన్న ప్రశ్న ఆ న్యాయస్థానంలో ఎవరికీ అడ్డు రాలేదు. పెళ్లి చెల్లలేదు, ఆమెకు మాత్రం నూకలు చెల్లాయి. పదకొండో రోజుకు, మే 30న, మూడో రాణి జేన్ సీమోర్‌తో పెళ్లి అయింది. అయిదో రాణి కేథరీన్ హొవర్డ్‌ను విచారణ కూడా లేకుండా పార్లమెంటు చట్టంతోనే దోషిని చేసి 1542 ఫిబ్రవరి 13న గొడ్డలికి అప్పగించారు.

జేన్ విషయంలో ‘మరణం’ చాలా చప్పని మాట. 1537 అక్టోబరు 12న ఎడ్వర్డ్ పుట్టాడు, 24న ఆమె పోయింది. మన లెక్కలో పురుడు వెళ్లింది కాని ఇంకా పచ్చి బాలింత. రాణి హోదాలో ఉండగా, భర్త బతికుండగా కన్నుమూసినది ఆరుగురిలో ఆమె ఒక్కతే. మన పెద్దవాళ్లు వింటే ‘పునిస్త్రీగా పోయింది’ అని మెచ్చుకుంటారు. భర్త పోయాక మిగిలిన ఆరో ఆమెను ఆంగ్ల పద్యం గెలిచినదానిగా చూస్తుంటే, మన నానుడి మూడో ఆమెకు ఆ మర్యాద ఇస్తుంది. భర్తను దాటి బతకడాన్ని మెచ్చే మాట తెలుగులో దొరకక మీరు ‘మనుగడ’ దగ్గర ఆగిపోయారనుకుంటాను. ‘బతికి బట్టకట్టింది’ ఉండనే ఉంది.

కనుక నా ప్రయత్నం ఇది:

చెల్లదన్నాడు, నరికించాడు, బాలింతగా పోయింది;
చెల్లదన్నాడు, నరికించాడు, బతికి బట్టకట్టింది.

తీర్పు చెప్పినది మతాధికారులు కనుక ‘చెల్లదనిపించాడు’ అనడమే న్యాయం, కాని ‘అనిపించు’కు తోచడమన్న అర్థం కూడా ఉండడంతో మానుకున్నాను. రాజు చేయించిన పనులకు రాజే కర్త, చేయించనివాటికి ఆమె కర్త.

ప్రశ్నించినవారు:

అమ్మాయికి ఇదే నేర్పుతాను. అయితే ఆరో రాణి కేథరీన్ పార్ నిజంగా బట్టకట్టినట్టేనా?

సమాధానం:

ఎక్కువ కాలం కాదు. 1547 జనవరిలో హెన్రీ పోయిన కొన్ని నెలలకే ఆమె జేన్ అన్నదమ్ముల్లో ఒకడైన థామస్ సీమోర్‌ను చేసుకుంది. 1548 ఆగస్టు 30న ఆడపిల్ల పుట్టింది, సెప్టెంబరు 5న తానూ బాలింతగానే పోయింది. ఆరుగురిలో చివరిదాకా ఉన్నది 1557 జూలైలో కన్నుమూసిన చెల్లెలు, క్లీవ్స్ యాన్. బట్టకట్టడం నిజానికి నాలుగో రాణికి చెందాలి, కాని వరుస మారిస్తే పద్యం పోతుంది.