గాలి లేని రాత్రి కరెంటు ఎవరిస్తారు? బొగ్గు ప్లాంట్లు ఉంచాలా, మూసేయాలా?

గాజులమండ్యం_యూనిట్:
నిన్న మబ్బు, ఆకు కదల్లేదు. ఏడింటికి కరెంటు పోయింది. మాది ప్లాస్టిక్ మౌల్డింగ్. మెషిన్ నడుస్తుండగా పోతే బ్యారెల్‌లో సరుకు గడ్డకడుతుంది, అది తీసేసరికి షిఫ్టు అయిపోతుంది. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు వారానికో రోజు పవర్ హాలిడే పెట్టినప్పుడూ ఇదే గోల. ముద్దనూరు థర్మల్ లాంటివి ఇంకో రెండు కట్టాల్సిందే.

తిరుచానూరు_సోలార్:
2022లో కొరత వచ్చిందే బొగ్గు అందక స్వామీ! మళ్లీ దాన్నే నమ్ముకోమంటారా? గాలి ఎక్కడికీ పోదు. నేను తిరుమల కొండకు వెళ్లిన ప్రతిసారీ కాకులకొండ గాలిమరలు తిరుగుతూనే ఉంటాయి.

సబ్‌స్టేషన్_తాత:
తిరగడం వేరు, కరెంటు రావడం వేరు నాయనా. గాలి వేగం సగానికి పడితే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడుతుంది. మన రాష్ట్రంలో సుమారు 4,000 మెగావాట్ల గాలిమరలు ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బాగా ఇస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో వాటి లెక్క చూస్తే ఏడుపొస్తుంది.
యూనిట్ వారికి ఒక మాట. నిన్నటిది ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి మీకొచ్చే లైను, ట్రిప్ అయి పోయింది కూడా కావచ్చు. అన్నీ గాలి మీద వేయకండి.

తిరుచానూరు_సోలార్:
నేను చూసినప్పుడు జోరుగానే తిరుగుతున్నాయి.

రేణిగుంట_రాజా:
మళ్లీ కాకులకొండేనా 😂

గాజులమండ్యం_యూనిట్:
సోలార్ అన్నా, నిన్న మీ ఇంట్లో లైటు వెలిగిందా?

తిరుచానూరు_సోలార్:
లేదు. రాత్రి కదా. నిజం చెప్పాలంటే పగలు పోయినా వెలగదు. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించాను. లైన్లో కరెంటు లేకపోతే, పలకల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుందని బిగించినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు.

సబ్‌స్టేషన్_తాత:
ఆగాలి. లేకపోతే మీ కరెంటు లైన్లోకి వెనక్కొచ్చి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. బ్యాటరీ ఉన్న రకమైతే లైన్ నుంచి విడిపోయి ఇంటికి ఇస్తుంది.

తిరుచానూరు_సోలార్:
అదే నేననేది, బ్యాటరీలు పెట్టండి. పిన్నాపురంలో నీళ్ల బ్యాటరీ లాంటి ప్రాజెక్టు ఉంది కదా, 1,680 మెగావాట్లు. పగలు ఎండ కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదలడమే.

సబ్‌స్టేషన్_తాత:
పూర్తి జోరుగా వదిలితే ఆరు గంటలు. పైగా పది యూనిట్లు పెట్టి తోడితే ఎనిమిది కూడా తిరిగి రావు. ఒక సాయంత్రానికి బంగారం లాంటిది. నాలుగు రోజులు ముసురు పట్టి, గాలి కూడా లేకపోతే? తోడడానికే కరెంటు ఉండదు. అప్పటికి బొగ్గు కావాలి. అయితే చల్లారిన బాయిలర్‌ని రాజేసి గ్రిడ్‌కి కలపడానికి గంటలు పడుతుంది, స్విచ్చి వేసినట్టు కాదు. వాడినా వాడకపోయినా దాన్ని సిద్ధంగా ఉంచాలి, ఆ ఖర్చు బిల్లులోకి వస్తుంది.

గాజులమండ్యం_యూనిట్:
బిల్లు మేం కడుతున్నాం. ఉచితంగా వాడేవాళ్ల మోటార్లు కట్టేస్తే చాలు, కొరతే ఉండదు.

పలమనేరు_పాడి:
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నా. ఇప్పుడు ఊరుకోను. మాకు తొమ్మిది గంటలు ఇచ్చేది పగలు. సాయంత్రం ఏడింటికి మా మోటారే తిరగదు. ఆ టైంలో లోడు ఎవరిది? మీ టౌన్ ఏసీలది. ఎండ ఉన్నప్పుడు వాడుకునే మాకు ఉచితమని దెప్పుతారు, ఎండ లేనప్పుడు వాడే మీరేమో దొరలు!

గాజులమండ్యం_యూనిట్:
నా యూనిట్లో ఇరవై మంది బతుకుతున్నారు. దొర అనకు.

పలమనేరు_పాడి:
నా దగ్గర ఆరు ఆవులున్నాయి. మబ్బు పడితే చాలు, తొమ్మిది గంటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. గడ్డి ఎండుతుంది. పోయిన వేసవిలో లో వోల్టేజికి మోటారు కాలింది, చుట్టించడానికి నా చేతి డబ్బే పోయింది. తాతా, మీరు చెప్పండి. పైనుంచి లోడు తగ్గించమంటే ముందు ఎవరిది తీస్తారు?

రేణిగుంట_రాజా:
తాత ఆన్‌లైన్లోనే ఉన్నాడు.

సబ్‌స్టేషన్_తాత:
వ్యవసాయ ఫీడర్లు. తర్వాత పల్లె. టౌన్ చివరికి. ఆసుపత్రి లైన్లు ముట్టుకోం. నేను పనిచేసినన్నాళ్లూ నా చేత్తోనే తీశాను.

పలమనేరు_పాడి:
మరి బొగ్గా, బ్యాటరీనా అని ఇంతసేపు మీ కొట్లాట ఏంది? ఏది తెచ్చినా ముందు తీసేది మాదే కదా.

తిరుచానూరు_సోలార్:
అన్నా, మీ పొలంలో సోలార్ పంపు పెట్టుకోవచ్చు కదా?

పలమనేరు_పాడి:
మబ్బు రోజు సంగతే కదయ్యా మాట్లాడుతున్నాం!