అంబాసిడర్ బాడీ తిప్పే స్టాండు (రోటిసరీ): ఇరుసు ఎంత ఎత్తులో పెట్టాలి, బాడీని ఎక్కడ పట్టుకోవాలి?

మార్క్2_అనంత:
అన్నలకు నమస్కారం. మార్క్ 2 అంబాసిడర్ ఒకటి మొత్తం విప్పేసి ఉంది. ఇంజను, గేర్‌బాక్సు, సస్పెన్షన్, అద్దాలు, తలుపులు, డిక్కీ మూత, పెట్రోల్ ట్యాంకు ఏవీ లేవు, ఉత్త డొక్కే. ముందు సీట్ల కింద ఫ్లోరు రెండు పక్కలా జల్లెడైంది. ఎడమ సిల్లు (తలుపుల కింద పొడవునా పోయే పెట్టె ఆకారపు రేకు) సగం పోయింది. కింద పడుకుని మొహం మీద నిప్పురవ్వలు రాలుతుంటే చేసే పని కాదిది. అందుకే మొక్కజొన్న కంకి కాల్చినట్టు బాడీని గుండ్రంగా తిప్పే స్టాండు చేయించాలనుకుంటున్నా.

షెడ్డు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, రేకుల కప్పు, నేల కడప బండలు. ఇరుసు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలి? పైపులో పైపు దూర్చి తిప్పితే చాలా, బేరింగే కావాలా? వెనక బంపరు పట్టే చోట రేకు బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది, అక్కడ కాకపోతే ఇంకెక్కడ పట్టుకోవాలి?

కర్నూల్_లేత్:
ఎత్తు ఎవరినీ అడగొద్దు తమ్ముడూ, నీ డొక్కునే కొలువు. సిల్లు అడుగు నుంచి టాపు దాకా దాదాపు 1,300 మి.మీ. వస్తుంది. బ్యాలెన్స్ కుదిరే చోటు సిల్లు అడుగు నుంచి 450 దగ్గర ఉంటుందనుకుని మొదలుపెట్టు, తర్వాత సరిచేసుకోవచ్చు. అంటే ఇరుసు నుంచి టాపు 850 పైన. టాపు అంచు మధ్యగీత నుంచి 550 పక్కకు ఉంటే, 850 వర్గం, 550 వర్గం కూడి వర్గమూలం తీస్తే 1,012. కింద సిల్లు మూలకు కూడా ఇదే లెక్క కట్టు, 450, 800 వేస్తే 918. రెంటిలో పెద్దది తీసుకుని ఇంకో 100 కలుపు. ఇరుసు 1,120 దాకా వస్తుంది, 1,150 పెట్టుకో. పైన కూడా అంతే తిరుగుతుంది కాబట్టి నేల నుంచి 2,200 మి.మీ. దాకా అడ్డం ఉండకూడదు. ట్యూబ్‌లైటు, ఫ్యాను ముందే తీసేయ్.

నీ షెడ్డు వెడల్పు బొటాబొటిగా సరిపోతుంది, పొడవు మాత్రం చాలదు. డొక్కు, రెండు వైపులా బ్రాకెట్లు, బేరింగు బల్లలు, నిలువు కంబాలు కలిపితేనే 18 అడుగులు నిండిపోతాయి, మనిషి అటూఇటూ దాటడానికి సందు ఉండదు. ముందు గోడకు షట్టరు ఉంటే అది తెరిచి స్టాండు కొస బయటికి వచ్చేలా పెట్టు, లేదా 21 అడుగులు చేసుకో.

పైపులో పైపు వద్దు. 50 సైజు నీటి పైపు బయటి కొలత 60.3, దాని పైకి దూరే 65 సైజు పైపు లోపలి కొలత 69 దగ్గర. మధ్యలో 8 మి.మీ.కి పైగా సందు. బాడీ ఆ సందులో ఒరిగి పైపు అంచు మీద రాసుకుంటుంది, సగం తిరిగాక బిగుసుకుంటుంది. 50 మి.మీ. బోరున్న యూసీపీ 210 ప్లమ్మర్ బ్లాకులు (కింద బోల్టు వేసి బిగించే బేరింగు దిమ్మలు) ఒక్కో కొసకు రెండు, మొత్తం నాలుగు తెచ్చుకో. రెంటికీ మధ్య 200 మి.మీ. దూరం. ఒక్కటే పెడితే చాలదు, ఆ బేరింగు గుళ్ళు దానంతట అది వాలడానికే చేసింది, షాఫ్టు తల వాల్చేస్తుంది. షాఫ్టుకు మామూలు ఎంఎస్ (మెత్తటి ఉక్కు) బ్రైట్ రాడ్ చాలు. గట్టిగా ఉంటుందని కార్బన్ ఎక్కువున్న ఈఎన్ 8 ఉక్కు తీసుకుంటే, వేడి చేయకుండా వెల్డింగ్ పెట్టినప్పుడు అతుకు పక్కనే పగులుతుంది. షాఫ్టు కొసన 12 మి.మీ. ప్లేటు, నాలుగు గజెట్లు (ఊతకు పెట్టే ముక్కోణపు ప్లేట్లు). బేరింగు గ్రబ్ స్క్రూలు (తల లేని బిగింపు స్క్రూలు) దిగే చోట షాఫ్టు మీద డ్రిల్లుతో చిన్న గుంట పెట్టించు, లేకపోతే తిప్పే కొద్దీ షాఫ్టు బయటికి జరుగుతుంది.

ఇంకో దారి ట్రాక్టర్ ట్రాలీ హబ్బు (చక్రం బిగించే మధ్య ముక్క). పాతవి ప్రతి ట్రాలీ షాపులో పడి ఉంటాయి, టేపర్ బేరింగులు, స్టడ్లు, ఫ్లాంజి అన్నీ దాంట్లోనే వచ్చేస్తాయి. ఒక్క లోపం, అది మరీ తేలిగ్గా తిరుగుతుంది. గ్రీజు పట్టు తప్ప ఇంకేమీ ఆపదు కాబట్టి దానికి బ్రేకు తప్పనిసరి.

కంబాలకు 72×72×4 బాక్సు పైపు, దాంట్లోకి 60×60×4. సందు 4 మి.మీ., బోల్టుతో ఒక పక్కకు బిగిస్తే ఆగుతుంది. బాడీ బ్రాకెట్టు పైకీ కిందికీ జరిగే చోట 60లో 50 పెట్టు. అక్కడ సందు 2 మి.మీ.యే, బయటి పైపు లోపల వెల్డు గీత అడ్డం పడుతుంది. పొడవాటి ఆకురాయితో అది దించాకే లోపలిది దూరుతుంది. కదలిక 250 మి.మీ., ఎం16 జాకీ స్క్రూతో.

పొద్దుటూరు_టింకర్:
పైన స్టాండు గురించి చెప్పిందంతా సరే. సిల్లు సగం లేని డొక్కును రెండు కొసల్లో వేలాడదీస్తే ఏమవుతుందో అది ముందు చూడండి. అంబాసిడర్‌కు వేరే చాసిస్ లేదు, బాడీయే చాసిస్. బండి చక్రాల మీద ఉంటే ఆధారాల మధ్య 2,464 మి.మీ. స్టాండు మీద పెట్టేసరికి అది 4 మీటర్లు దాటుతుంది. మధ్యలో బాడీ దిగుతుంది, తలుపు సందు పైన ఇరుకై కింద వెడల్పవుతుంది. బాడీని తలకిందులు చేస్తే అదే సందు టాపు వైపు వెడల్పు, సిల్లు వైపు ఇరుకు. ఆ స్థితిలో కొత్త సిల్లు పూర్తిగా వెల్డు చేశారంటే ఆ వంపు బాడీలో అట్లే ఉండిపోతుంది. పెయింటు కూడా అయ్యాక తలుపు వేయబోతే తాళం దగ్గర పైకి తన్నుతుంది, అప్పుడు హింజీలను తిట్టి లాభం లేదు.

అందుకని నేల మీద ఉన్నప్పుడే నాలుగు తలుపులూ తగిలించి సందులు చూడండి. కుదిరాయంటేనే లోపల బ్రేసులు పెట్టండి. 25×25×2 పైపు చాలు. ఒక్కో తలుపు సందుకు ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి ఒకటి ఎత్తు మధ్యలో అడ్డంగా, ఒకటి మూలకు మూల. మధ్య స్తంభాలు రెంటికీ అడ్డంగా ఒకటి. డ్యాష్ దగ్గర ఎడమ నుంచి కుడికి ఒకటి. అన్నీ లోపలి పక్కకే, తలుపు మూసేటప్పుడు తగలకుండా. తర్వాత కూడా తలుపు వేసి చూడాల్సిన పని చాలాసార్లు పడుతుంది.

ప్రతి తలుపు సందులో రెండు మూలకొలతలు తీసి బాడీ మీదే మార్కరుతో రాయండి. పొద్దున్నే కొలవండి. మన దగ్గర మార్చి దాటితే రేకు షెడ్డులో ఒక పక్క ఎండ పడిందంటే టాపు ఆ పక్క సాగుతుంది, మిల్లీమీటరు తేడాకు గంట తల పట్టుకుంటారు.

సిల్లు పనికి వరస ఇది. బాడీ నిటారుగా, మధ్యలో సిల్లు పక్కన గట్టి చోట రెండు జాకీలు పెట్టి, రాసుకున్న కొలత వచ్చేదాకా ఎత్తండి. కొత్త సిల్లును 40–50 మి.మీ.కు ఒక టాక్ (చిన్న చుక్క వెల్డు) పెట్టి పట్టించండి. మళ్ళీ కొలవండి. ఆ తర్వాతే తిప్పి మిగతా వెల్డు. ఒకేసారి రెండు సిల్లులూ కోయొద్దు, ఒక పక్క ఫ్లోరు, సిల్లు అయ్యాకే రెండోది. ఫ్లోరుకు 18 గేజు రేకు, 0.8 వైరుతో మిగ్ (వైరు దానంతట అదే వచ్చే వెల్డింగ్). కడ్డీ వెల్డింగ్‌తో పాత రేకు దగ్గర చిల్లులే మిగులుతాయి.

కర్నూల్_లేత్:
పట్టు సంగతి మర్చిపోయా. ముందు, బంపరు బ్రాకెట్లు బిగించే పొడుగు మెంబర్ల కొసలు. లోపల 6 మి.మీ. ప్లేటు పెట్టి బోల్టు వెయ్యి, వాషరు నమ్ముకోవద్దు. వెనక బంపరు పట్టే చోట రేకు పోయిందన్నావు కాబట్టి దాన్ని వదిలేసి కమాను పట్టీల వెనక కొసలు వేలాడే షాకిల్ హ్యాంగర్లకు బ్రాకెట్టు దించు. ఆ చోటు బండి బరువు మోయడానికే ఉంది. బ్రాకెట్టు అడుగున్నర దాకా పొడుగవుతుంది, దానికి ఏటవాలు ఊత పెట్టు.

ఎంత బరువుకు చేయాలని అడుగుతావేమో. డొక్కును ట్రాలీలో వేసుకుని కాటాకు పోయి, నిండు తూకంలోంచి ఖాళీ తూకం తీసెయ్. ఎంత వచ్చినా స్టాండు మాత్రం 500 కిలోలకు తక్కువ కాకుండా చెయ్యి.

మార్క్2_అనంత:
బాగా అర్థమైంది అన్నా. బ్యాలెన్స్ కుదిరిందో లేదో ఎట్లా తెలుస్తుంది? రెండు స్టాండ్లనూ కింద కలిపే కమ్మీ కావాలా? కొందరు బాడీయే రెంటినీ పట్టుకుంటుంది, అక్కర్లేదంటున్నారు.

పొద్దుటూరు_టింకర్:
సిల్లు గట్టిగా ఉన్న బండికైతే ఆ మాట చెల్లుతుంది. మీ బండికి కాదు. కింద కమ్మీ లేకపోతే ఒక స్టాండు కాస్త పక్కకు జరిగినా ఆ మెలి అంతా బాడీ మీద పడుతుంది. 60లో 50 పైపు, 100 మి.మీ.కు ఒక బెజ్జం, రెండు పిన్నులు.

కర్నూల్_లేత్:
కమ్మీ పెట్టినా రెండు వైపుల షాఫ్టులు ఒకే గీతలో ఉండాలి. బాడీ ఎక్కించకముందే ఈ బేరింగు నుంచి ఆ బేరింగుకు నూలు దారం లాగి చూడు. తేడా ఉంటే సగం చుట్టు తేలిగ్గా, సగం చుట్టు బరువుగా తిరుగుతుంది. ప్లమ్మర్ బ్లాకు కింద రేకు ముక్కలు పెట్టి సరిచెయ్యి.

బ్యాలెన్సుకు, బాడీ తిరగకుండా ఆపే పిన్ను తీసి, ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని 15 డిగ్రీలు వంచి, చేయి వదలకుండా పట్టు సడలించండి. వెనక్కి వస్తే బరువు ఇరుసు కింద ఉంది, బాడీని ఎత్తాలి. ఇంకా ముందుకు పోతే బరువు పైన ఉంది, బాడీని దించాలి. 10 మి.మీ. చొప్పునే జరుపు, జరిపేటప్పుడు కింద జాకీ ఉండాలి. చివరికి కాస్త, 5–10 మి.మీ., వెనక్కి వచ్చే వైపే వదులు. మరీ సమంగా ఉంటే గ్రైండరు తగిలినా తిరుగుతుంది.

అసలు ప్రమాదం తర్వాత వస్తుంది. ఫ్లోరు కోసి పారేశాక కింది బరువు పోతుంది, బ్యాలెన్స్ పైకి పోతుంది. నిన్న బుద్ధిగా తిరిగిన బాడీ ఇవాళ పిన్ను లాగగానే దబ్బున తిరగబడుతుంది. కోసిన ప్రతిసారీ, తలుపు తగిలించిన ప్రతిసారీ మళ్ళీ చూసుకోవాల్సిందే.

ఆపడానికి ఒక కొసన 300 మి.మీ. చుట్టుకొలత కాదు, వ్యాసం ఉన్న 10 మి.మీ. ప్లేటు. 130 వ్యాసార్ధంలో 15 డిగ్రీలకొకటి చొప్పున 24 బెజ్జాలు, 16 మి.మీ. పిన్ను. రెండో కొసన బిగించే క్లాంపు. రెండు వైపులా పిన్నే పెడితే బెజ్జాలు కలవక బాడీని మెలితిప్పి దూరుస్తారు.

తాడిపత్రి_బండ:
నేల గురించి ఎవరూ అనలేదే. కడప బండలు ఇసుక మీద పరిచినవైతే స్టాండు కాళ్ళకు పెట్టే క్యాస్టరు (అటూఇటూ తిరిగే) చక్రం కింద మూల దగ్గర పుటుక్కుమంటాయి. ఒక్కో చక్రం మీద వంద కిలోలైనా చిన్న చోటే పడుతుంది, కింద బోలుగా ఉన్న బండ ఆగదు. కర్రతో తట్టి చూడండి, డబడబ మోగేవి లేపి సిమెంటు మీద కూర్చోబెట్టండి. లేదంటే రెండు స్టాండ్ల కింద 100 మి.మీ. ఇనుప ఛానల్‌ను బోర్లించి పరిచి దాని మీద పెట్టండి. స్టాండు కాళ్ళు అడ్డంగా 1,500కు తగ్గకూడదు. పని చేసేటప్పుడు చక్రాల మీద వదలొద్దు, స్క్రూ కాళ్ళు దించి ఎత్తేయండి.

ఇంకోటి, వెల్డింగ్ ఎర్తు క్లాంపు స్టాండుకు తగిలించకండి. కరెంటు బేరింగు గుళ్ళలోంచి పోయి లోపల గుంటలు పడతాయి, వారానికి గరగరమంటుంది. వెల్డు పెట్టే చోటికి జానెడు దూరంలో బాడీకే తగిలించండి.

పొద్దుటూరు_టింకర్:
మొదటిసారి పూర్తిగా తిప్పే ముందు కిందంతా పాత పట్టా పరిచి, కళ్ళద్దాలు పెట్టుకోండి. ఏళ్ళ తరబడి సిల్లుల్లో, మెంబర్లలో చేరిన ఎర్రమట్టి, తుప్పు పెళ్ళలు తట్టెడు రాలుతాయి. నాలుగైదు సార్లు అటూఇటూ తిప్పుతూ సుత్తి పిడితో తట్టి మొత్తం దింపాకే రెడాక్సైడు (తుప్పు పట్టకుండా వేసే అస్తరు పెయింటు) మాట ఎత్తండి.