అప్‌డేట్: హెచ్2ఓలో ఆ చిన్న 2ను ఎందుకు మార్చకూడదో మా అమ్మాయికి అర్థమైంది

పదో తరగతి చదివే మా అమ్మాయి రసాయన సమీకరణాన్ని తుల్యం చేయమంటే (అంటే రెండు వైపులా పరమాణువుల లెక్క సమానం చేయమంటే) ఫార్ములాలోని చిన్న అంకెలనే మార్చేస్తోందని, ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉందని పోయిన వారం అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. గింజలతో చేయించమన్న సలహా పట్టుకున్నాను.

ఆదివారం మలక్‌పేటలో మా వంటింటి గట్టు మీద స్టీలు పళ్లెం పెట్టాను. హైడ్రోజన్‌కి పల్లీలు, ఆక్సిజన్‌కి శనగలు. పల్లీల జంటలు రెండు, శనగల జంట ఒకటి: ఇవి క్రియాజనకాలు, అంటే చర్యలో పాల్గొనే పదార్థాలు. ఒక్కో నీటి అణువుకి రెండు పల్లీలు, ఒక శనగ పెట్టమన్నాను. సరిగ్గా రెండు అణువులు వచ్చాయి, ఒక్క గింజా మిగల్లేదు. అదే 2హెచ్2 + ఓ2 → 2హెచ్2ఓ.

"ఇంకో శనగ దీనికే అంటిస్తే?" అంది. అప్పుడది హెచ్2ఓ2, హైడ్రోజన్ పెరాక్సైడ్, తాగే నీళ్లు కాదమ్మా అన్నాను. కాసేపు పళ్లెం వైపే చూసి, తనే ఆ శనగ తీసేసింది. ఫార్ములా ముందున్న అంకె (గుణకం) మారిస్తే అణువుల లెక్క మారుతుంది, కింది అంకె మారిస్తే పదార్థమే మారిపోతుంది.

ఉష్ణమోచక చర్య, అంటే వేడిని బయటకు వదిలే చర్య, వెంటనే అర్థమైంది. పొడిసున్నంలో నీళ్లు పోస్తే బకెట్ బాగా వేడెక్కిపోవడం తాతయ్య ఇంట్లో చూసింది కదా.

నిన్న మీథేన్ మండే చర్యను ఎవరి సాయం లేకుండా తుల్యం చేసింది: సీహెచ్4 + 2ఓ2 → సీఓ2 + 2హెచ్2ఓ. ఎంత సంతోషమేసిందో! ఇక ఆక్సీకరణం (ఆక్సిజన్ కలవడం), క్షయకరణం (ఆక్సిజన్ పోవడం) మిగిలాయి. వాటికీ వంటింటి ఉదాహరణలుంటే చెప్పండి.