చర్చ: లెస్ మైల్స్ అలవాట్లపై ఎల్‌ఎస్‌యూ అభిమానుల విసుగు న్యాయమైనదేనా?

పాత టైగర్:

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరడానికి కోచ్‌లకు ఉండవలసిన గెలుపు శాతాన్ని 60 నుంచి 59.5కు తగ్గిస్తున్నట్లు 2025లో ప్రకటించారు. 2027 నుంచి అమలులోకి వచ్చే ఈ మార్పు వల్ల లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) మాజీ హెడ్ కోచ్ లెస్ మైల్స్‌కు అర్హత దక్కుతుంది. 2012-15 మధ్య గెలిచిన 37 ఆటలను రికార్డుల నుంచి తొలగించడంతో ఆయన కెరీర్ మొత్తం గెలుపు శాతం 66.5 నుంచి 59.7కు పడిపోయిన సంగతి తెలిసిందే. ఆ తొలగింపు సబబా కాదా అన్నది మరో చర్చ. నేను అడగదలచుకున్నది, ఎల్‌ఎస్‌యూ కోచ్‌గా మైదానంలో 114 గెలుపులు, 34 ఓటములు, ఒక జాతీయ ఛాంపియన్‌షిప్ సాధించిన మనిషిపై మనవాళ్ళకు అంత విసుగు ఎందుకు వచ్చింది, అది న్యాయమేనా అని.

న్యాయమే అని నా వాదన. ఒక్క ఆటను వివరంగా చూద్దాం. 2009 నవంబరులో మిసిసిపీ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్‌లో ఓలె మిస్ (మిసిసిపీ విశ్వవిద్యాలయం)తో ఆట చివరి నిమిషంలో మనం 25-23తో వెనుకబడి ఉన్నాం. ఆన్‌సైడ్ కిక్ (తన్నిన జట్టే తిరిగి అందుకోవాలని కొద్ది దూరమే తన్నే బంతి) మనకే దక్కింది. ఒక ఫీల్డ్ గోల్ (గోల్ స్తంభాల మధ్యకు బంతిని తన్ని సాధించే మూడు పాయింట్లు) కొడితే గెలుపు మనది. మూడో డౌన్‌లో (పది గజాలు సాధించడానికి దక్కే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) గజాలు కోల్పోయిన తరువాత చేతిలో టైమవుట్ ఉండి కూడా వాడకుండా, గడియారం తొమ్మిది సెకన్లకు దిగేదాకా ఊరుకున్నారు. ఆ తరువాత మన క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపి పాస్‌లు విసిరే ఆటగాడు) జోర్డన్ జెఫర్సన్ విసిరిన పొడవాటి పాస్‌ను టెరెన్స్ టోలివర్ గోల్ లైన్ దగ్గర అందుకున్నాడు. ఫస్ట్ డౌన్ (కొత్తగా నాలుగు ప్రయత్నాలు) వచ్చింది కనుక గడియారం ఒక్క సెకను దగ్గర ఆగింది. కాలేజీ నియమాల ప్రకారం రెఫరీ సంకేతం ఇవ్వగానే అది మళ్ళీ కదులుతుంది కాబట్టి, ఆ ఒక్క సెకనులో బంతిని నేలకు కొట్టి గడియారాన్ని ఆపడం అసాధ్యం. చేయవలసింది ఫీల్డ్ గోల్ బృందాన్ని పరుగెత్తించడం. మన క్వార్టర్‌బ్యాక్ బంతిని నేలకు కొట్టాడు, ఆట ముగిసింది. ఇలా బంతిని నేలకు కొట్టాలంటే (స్పైక్) కనీసం మూడు సెకన్లు ఉండాలని 2013లో నియమ పుస్తకంలోనే రాశారు. హెడ్ కోచ్‌కు మాత్రం ఆ సంగతి పుస్తకం చెప్పకముందే తెలిసి ఉండాలి.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. పదకొండు నెలలు తిరగకముందే 2010 అక్టోబరులో టెనెసీతో అదే గందరగోళం మళ్ళీ జరిగింది. గోల్ లైన్ ముందు ఆటగాళ్ళు లోపలికీ బయటికీ పరుగులు తీస్తుండగా సమయం అయిపోయింది, టెనెసీ వాళ్ళు సంబరాలు కూడా మొదలుపెట్టారు. వాళ్ళు మైదానంలో పదకొండు మందికి బదులు పదమూడు మందిని నిలబెట్టినందుకు మనకు మరో అవకాశం దక్కి 16-14తో గెలిచాం. ఆ రోజు గెలిచిన జట్టు కోచ్ మీద స్టేడియంలో సణుగుడు వినిపించిందంటే, అలవాటు ఎంత ముదిరిందో ఆలోచించండి.

నాలుగో డౌన్:

పాత టైగర్ గారూ, మీరు ఎంచుకున్న రెండు ఆటలూ నిజమే, కానీ మీరు వదిలేసినవి కూడా అంతే నిజం. 2007లో ఫ్లోరిడాపై నాలుగో డౌన్‌లో బంతిని తన్నేయకుండా ఐదుసార్లు సాహసించి ఐదుసార్లూ నెగ్గి 28-24తో గెలిచాం. రెండు వారాల తరువాత ఆబర్న్‌తో ఒక పాయింటు వెనుకబడి, ఫీల్డ్ గోల్ దూరంలోనే ఉండి కూడా, క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ ఫ్లిన్ చేత ఎండ్ జోన్‌లోకి (గోల్ లైన్ అవతలి భాగంలోకి) పాస్ వేయించారు. డెమిట్రియస్ బర్డ్ పట్టేసరికి గడియారంలో మిగిలింది ఒక్క సెకను. ఆ సీజన్‌లోనే మనం రెండు ఆటలు ఓడి కూడా జాతీయ ఛాంపియన్లమయ్యాం.

నేను అడిగేది ఒక్కటే. ఆబర్న్ ఆటలో బర్డ్ బంతిని జారవిడిచి, గడియారం సున్నాకు చేరి ఉంటే, మీరు ఓలె మిస్ గురించి రాసిన పేరానే దాని గురించీ రాసేవారు కారా? గడియారాన్ని పట్టించుకోని స్వభావం రెండు చోట్లా ఒక్కటే. గెలిచినప్పుడు దాన్ని "మ్యాడ్ హ్యాటర్" అని ముద్దుగా పిలుచుకున్నాం, ఆయన మైదానంలో గడ్డి పీకి నమిలితే దాన్నీ ముచ్చటగానే చెప్పుకున్నాం. ఓడినప్పుడు అదే స్వభావాన్ని అసమర్థత అన్నాం.

లెక్కల మనిషి:

మీరిద్దరూ గడియారం దగ్గరే ఆగిపోయారు. అది టీవీలో చూపించడానికి బాగుంటుంది, నవ్వుకోవడానికి బాగుంటుంది, కానీ ఆయన ఉద్యోగం పోయింది అందుకు కాదు. పోయింది ఎదుటి జట్టుకు ముందే తెలిసిపోయే దాడి వల్ల. ఫస్ట్ డౌన్‌లో మధ్యలోంచి పరుగు, సెకండ్ డౌన్‌లో మళ్ళీ అదే పరుగు, థర్డ్ డౌన్‌లో తప్పనిసరై వేసే పాస్. ఇది చూడడానికి లక్షమంది పట్టే టైగర్ స్టేడియం నిండేది.

2012 జనవరిలో న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన టైటిల్ ఆట సంగతి చెప్పండి. పదమూడు ఆటలూ గెలిచి, అంతకుముందు నవంబరులో అలబామాను వాళ్ళ మైదానంలోనే 9-6తో ఓడించి వచ్చిన జట్టు, అదే అలబామా చేతిలో 21-0తో ఓడింది. ఆట మొత్తంలో మనకు వచ్చినవి 92 గజాలు. మైదానం సగం గీత దాటింది ఒక్కసారి, అదీ నాలుగో క్వార్టర్‌లో. అంతసేపూ జెఫర్సన్‌నే కొనసాగించారు. ఆ సీజన్ తొలి ఎనిమిది ఆటలు గెలిపించిన మరో క్వార్టర్‌బ్యాక్ జారెట్ లీ పక్కనే నిలబడి ఉన్నా ఒక్కసారి కూడా ఆడే అవకాశం ఇవ్వలేదు. లీ వచ్చి ఉంటే గెలిచేవాళ్ళమని నేననను. నవంబరు ఆటలో అతను రెండు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు చేతికి చిక్కిన పాస్‌లు) ఇచ్చిన మాట వాస్తవం. కానీ పని చేయడం లేదని కళ్ళముందు కనబడుతున్నప్పుడు రెండో మార్గం వెతకకపోవడాన్ని ఓర్పు అనలేం.

2015 చూడండి. లెనర్డ్ ఫోర్నెట్ ఆ ఏడాది 1,953 గజాలు పరుగెత్తాడు. అలబామాపై మాత్రం 19 పరుగుల్లో 31 గజాలు. అలబామా కోచ్ నిక్ సేబన్ చేసిందల్లా పరుగును ఆపి, పాస్ వేసి గెలవండి చూద్దాం అని వదిలేయడమే. మన దగ్గర దానికి జవాబు లేదు.

డాలస్ తెలుగు:

ఇక్కడే నేను విభేదిస్తాను. 2013లో ఇదే కోచ్ కింద, క్యామ్ క్యామరన్ దాడి బాధ్యత చూస్తుండగా, క్వార్టర్‌బ్యాక్ జ్యాక్ మెటెన్‌బర్గర్ పాస్‌లలో మూడు వేల గజాలు దాటాడు, ఒడెల్ బెకమ్ జూనియర్, జార్విస్ లాండ్రీ ఇద్దరూ వెయ్యేసి గజాలు అందుకున్నారు, జెరెమీ హిల్ వెయ్యి గజాలకు పైగా పరుగెత్తాడు. నలుగురూ ఒకే సీజన్‌లో అలా రాణించడం మనం ఆడే ఎస్‌ఈసీ లీగ్‌లో అదే మొదటిసారి. కాబట్టి ఆయనకు పాస్ అంటే పడదు అనే మాట సరికాదు. మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికిన ఏడాది ఆడించారు, దొరకని ఏడాది దాచిపెట్టారు. అసలు విసుగు అలబామా గురించే. ఆ టైటిల్ ఆటతో మొదలుపెట్టి సేబన్ చేతిలో వరుసగా ఐదుసార్లు ఓడాం. ఆ ఐదింటిలో కనీసం మూడు గెలిచి ఉంటే గడియారం గురించి ఇక్కడ ఇంత చర్చ ఉండేది కాదు. సేబన్ 2004 తరువాత ఎల్‌ఎస్‌యూను విడిచి వెళ్ళిన మనిషి కావడం వల్ల మనవాళ్ళకు ఆ ఓటములు రెండింతలుగా గుచ్చుకున్నాయి.

పాత టైగర్:

డాలస్ తెలుగు గారూ, మీ ఉదాహరణే నా వాదనకు బలం. 2013లో అంత బాగా సాగిన దాడిని మరుసటి ఏడాదికే ఎందుకు వదులుకోవలసి వచ్చింది? 2014, 2015 జట్లకు సరైన క్వార్టర్‌బ్యాక్‌ను సిద్ధం చేసుకోకపోవడం ఎవరి బాధ్యత? కొత్త ఆటగాళ్ళను చేర్చుకోవడంలో ఏటా దేశంలోని మేటి జట్లతో పోటీపడే మన జట్టులో ఆ ఒక్క స్థానానికే ఎప్పుడూ కరువు ఉందంటే, దాన్ని దురదృష్టం అనుకోవడం నాకు కష్టంగా ఉంది.

అలబామాతో 2014 ఆటనే తీసుకోండి. 50 సెకన్లు మిగిలి ఉండగా 13-10 ఆధిక్యంలోకి వచ్చాం. కిక్‌ఆఫ్‌లో మనం తన్నిన బంతి పక్క గీత బయటికి పోయింది, బంతి వాళ్ళకు 35 గజాల గీత మీద ఉచితంగా దక్కింది. వాళ్ళు స్కోరు సమం చేసి ఓవర్‌టైమ్‌లో 20-13తో గెలిచారు. తన్నింది ఒక కుర్రవాడు, నిజమే. అయితే చివరి నిమిషంలో మన జట్టు తడబడుతుందని చూసేవాళ్ళందరూ ముందే ఊహించే స్థితి వచ్చిందంటే, ఆ లెక్క ఆ కుర్రవాడి ఖాతాలో రాయలేం.

నాలుగో డౌన్:

మరి ఆ తరువాత ఏమైంది? ఆయన స్థానంలోకి వచ్చిన ఎడ్ ఓర్జెరాన్ 2019లో క్వార్టర్‌బ్యాక్ జో బరో, సహాయక కోచ్ జో బ్రేడీలతో 15-0 (ఒక్క ఓటమీ లేని) సీజన్ ఆడించారు. దాన్ని చూపించి "మైల్స్ వదులుకున్నది ఇదే" అంటారు. మరి 2020లో 5-5, ఆ మరుసటి ఏడాది సీజన్ మధ్యలోనే ఓర్జెరాన్‌కు వీడ్కోలు ప్రకటన. వీటిని ఎవరూ చూపించరు. మైల్స్ కాలంలో పూర్తి చేసిన ఏ సీజన్‌లోనూ ఎనిమిదికి తక్కువ గెలుపులు లేవు. ఆ నిలకడ విలువ అప్పట్లో మనకు తెలియలేదు.

లెక్కల మనిషి:

నిలకడ ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆఖరి ఆటను గుర్తుచేసుకోండి. 2016 సెప్టెంబరు 24న ఆబర్న్‌పై 18-13తో వెనుకబడి ఉండగా క్వార్టర్‌బ్యాక్ డానీ ఎట్లింగ్ చివరి పాస్‌ను డీజే చార్క్ ఎండ్ జోన్‌లో పట్టాడు, మన ఆటగాళ్ళు సంబరపడ్డారు. రీప్లేలో చూస్తే బంతి కదలకముందే గడియారం సున్నాకు చేరింది. మరునాడే మైల్స్‌నూ క్యామరన్‌నూ తొలగించారు. ఓలె మిస్ ఆటకూ దీనికీ మధ్య దాదాపు ఏడేళ్ళు గడిచాయి. ఆ ఏడేళ్ళలో చివరి నిమిషం గడియారాన్ని చూసే పనిని సహాయకులలో ఒకరికి అప్పగించి, ఆ మాటకు కట్టుబడి ఉంటే సరిపోయేది. హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఆయన అర్హుడేనని ఓటు వేస్తాను, నాకు ఓటు ఉంటే. ఆయన్ను తొలగించడం తప్పని మాత్రం అనలేను.