అప్‌డేట్: అమ్మ అరికాళ్ల మంటలకు కారణం తెలిసింది

పన్నెండేళ్లుగా మధుమేహం ఉన్న మా అమ్మకు రాత్రిళ్లు అరికాళ్లు మండి, పిక్కలు లాగి, నిద్ర పట్టడం లేదని మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను. ఓపికగా సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మధుమేహానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చని, ఆ పరీక్ష చేయించమని చెప్పిన సలహాయే మాకు దారి చూపింది.

స్పర్శ తెలుస్తోందో లేదో చూడటానికి డాక్టరుగారు అమ్మను కళ్లు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగును అరికాలిలో ఒక్కొక్క చోటే ఆనించారు. బొటనవేలి కింద ఆనించి తీసేశాక కూడా అమ్మ "ఇంకా పెట్టలేదా డాక్టరుగారూ?" అని అడిగింది. ఆ మాటకు నా గుండె జారిపోయింది. రక్తపరీక్షలో బి12 మిల్లీలీటరుకు 148 పికోగ్రాములే ఉంది. మధుమేహం వల్ల నరాలు దెబ్బతినడం ఒకటైతే, ఈ లోపం దానికి తోడైందని వివరించి, బి12 ఇంజెక్షన్లతో పాటు రాత్రిపూటకు తక్కువ మోతాదులో ప్రెగాబాలిన్ అనే నరాల నొప్పి మందు రాశారు. మెట్‌ఫార్మిన్ మాత్రం ఆపలేదు. ఆరు వారాలకు మంట బాగా తగ్గింది, తిమ్మిరి ఇంకా ఉంది.

రక్తనాళాలు మూసుకుపోయాయేమోనన్న నా భయం నిజం కాలేదు. డాప్లర్ పరీక్షలో రక్తప్రసరణ సరిగానే ఉంది. నడుము ఎక్స్‌రేలోనూ ఏమీ తేలలేదు. వేడినీళ్ల కాపడం మాత్రం దయచేసి ఎవరూ పెట్టవద్దు, స్పర్శ తెలియని పాదానికి బొబ్బ లేచేదాకా వేడి తెలియదు. అమ్మ ఇప్పుడు ఇంట్లో కూడా చెప్పులు వేసుకుంటోంది. పడుకునే ముందు ఆమె అరికాళ్లు, వేళ్ల సందులు నేనే చూస్తున్నాను.