షుగర్ కిడ్నీ జబ్బులో ఇన్‌ఫ్లమేషన్: మూలమా, పర్యవసానమా?

చిత్తూరు_ఓపీ: షుగర్‌తో కిడ్నీ చెడడంలో అసలు దోషి రోగనిరోధక కణాలు రేపే ఇన్‌ఫ్లమేషనే (లోపలి వాపే) అని ఈ మధ్య సీఎంఈల్లో (డాక్టర్ల శిక్షణ సదస్సుల్లో) గట్టిగా చెబుతున్నారు. తిరుపతిలో చూపించుకుని వచ్చే పేషెంట్ల చీటీల్లో హెచ్ఎస్-సీఆర్పీ (రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ కొలిచే పరీక్ష) కూడా కనబడుతోంది. అది చూసి మందు మార్చాల్సిన పనుందా? ఇన్‌ఫ్లమేషన్ ముందా, కిడ్నీ చెడడం ముందా?

కణజాలం: మూలాల్లో అదీ ఒకటి. బయాప్సీ ముక్కకు మాక్రోఫేజ్‌లను (చెత్తను మింగే రోగనిరోధక కణాలను) చూపే సీడీ68 రంగు వేసి చూడండి, ముఖ్యంగా గొట్టాల మధ్య ఇంటర్‌స్టిషియంలో మాక్రోఫేజ్‌లు గుంపులుగా ఉంటాయి. అవెంత ఎక్కువుంటే మచ్చకట్టడం, పనితీరు పడిపోవడం అంత ఎక్కువ. దారి కూడా తెలిసిందే. చక్కెర, ఏజీఈలు (చక్కెర అంటుకుని మారిన ప్రోటీన్లు), బీపీ పెంచే యాంజియోటెన్సిన్ కలిసి గొట్టాల కణాల్లో ఇన్‌ఫ్లమేషన్‌కి మీట లాంటి ఎన్ఎఫ్-కప్పా-బీని లేపుతాయి. ఆ కణాలు ఎంసీపీ-1 అనే పిలుపు ప్రోటీన్ వదులుతాయి. సీసీఆర్2 గ్రాహకం ఉన్న మోనోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) రక్తంలోంచి అటు లాగబడి మాక్రోఫేజ్‌లవుతాయి. అవి వదిలే టీఎన్ఎఫ్, ఐఎల్-1బీటా, టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్లతో మచ్చకట్టే కొల్లాజెన్ పేరుకుంటుంది. ఎంసీపీ-1 జన్యువు తీసేసిన డయాబెటిక్ చిట్టెలుకల్లో చక్కెర అంతే ఉన్నా కిడ్నీ తక్కువ చెడింది. పర్యవసానమే అయితే ఇదెలా కుదురుతుంది, నెఫ్రో మేడమ్?

తిరుపతి_నెఫ్రో: చిట్టెలుకల సంగతి ఒప్పుకుంటాను సార్. మనుషుల్లో లెక్క తేలలేదు. సీసీఆర్2ని అడ్డుకునే సీసీఎక్స్140-బీ మందు 5 మి.గ్రా. మూత్రంలో పోయే ఆల్బుమిన్‌ అనే ప్రోటీన్‌ను 16 శాతం దాకా తగ్గించింది, అక్కడితో సరి. కాంటోస్ ట్రయల్‌లో ఐఎల్-1బీటాని కట్టేస్తే సీఆర్పీ బాగా దిగింది, కిడ్నీకి మాత్రం చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే బార్డోక్సలోన్ ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంచనా) పెంచింది కానీ, గుండె వైఫల్యాలు పెరిగి బీకన్ ట్రయల్‌ను 2012లో ఆపేశారు. రోగనిరోధక సంకేతాలు పంపే జేఏకేని అడ్డుకునే బారిసిటినిబ్ 4 మి.గ్రా. 24 వారాల్లో ఆల్బుమిన్‌ను 40 శాతం దాకా దించింది, దాంతోపాటు హిమోగ్లోబిన్‌నీ దించింది. టీబీ ఇంత ఉన్న మన ప్రాంతంలో జేఏకే మందు ఏళ్ల తరబడి ఎవరు వాడతారు?

కణజాలం: సీసీఎక్స్, బారిసిటినిబ్‌లవి చిన్న ట్రయల్స్, ఏడాదికి మించనివి. కాంటోస్ అసలు గుండె ట్రయల్. రక్తంలో టీఎన్ఎఫ్ గ్రాహకాలు 1, 2 ఎక్కువున్నవారిలో కిడ్నీ త్వరగా పడిపోతుందని 2012లోనే వచ్చింది.

తిరుపతి_నెఫ్రో: వడపోత తగ్గితే ఆ ప్రోటీన్లు రక్తంలో పేరుకోవా?

కణజాలం: వడపోత (జీఎఫ్ఆర్) మామూలుగా ఉన్న టైప్ 1 వాళ్లలోనూ ముందే పట్టిచ్చాయి. దానికేమంటారు?

తిరుపతి_నెఫ్రో: ముందే కనబడిందంటే ముందే తెలిసిందని. దాన్ని దించితే కిడ్నీ నిలుస్తుందని ఇంకా ఎవరూ చూపలేదు.

చిత్తూరు_ఓపీ: మీ ఇద్దరి మధ్య నా ఓపీ ఆగిపోయింది. ఇన్‌ఫ్లమేషనే అయితే స్టెరాయిడ్ ఎందుకు వద్దు?

తిరుపతి_నెఫ్రో: షుగర్, బీపీ పెరుగుతాయి, కాలి పుండు చీము పడుతుంది, ఈ జబ్బుకి మేలని రుజువూ లేదు. స్టెరాయిడ్ పనికొచ్చేది వేరే రకానికి. నొప్పి మాత్రలు, ఒమెప్రజోల్ లాంటివి వాడాక క్రియాటినిన్ వారాల్లో ఎగబాకితే అది ఇంటర్‌స్టిషియల్ నెఫ్రైటిస్ (మందు పడక గొట్టాల మధ్య వచ్చే వాపు) కావచ్చు. మూత్రంలో ఎర్రకణాల కాస్ట్‌లు (కిడ్నీ గొట్టాల్లో ముద్దకట్టినవి) ఉన్నా, కంట్లో రెటినోపతీ (షుగర్‌తో రెటీనా చెడడం) లేకుండా ప్రోటీన్ ఒక్కసారిగా పెరిగినా బయాప్సీకి పంపండి. కాలి పుండులో స్టాఫ్ బాక్టీరియా ఉంటే దాని వల్ల వచ్చే నెఫ్రైటిస్‌నీ గుర్తుంచుకోండి, అక్కడ ముందు ఇన్ఫెక్షన్ తగ్గించాలి. సీఆర్పీ సంగతికొస్తే, చిగుళ్ల జబ్బుకీ పెరుగుతుంది, కాలి పుండుకీ పెరుగుతుంది. కేడీగో (కిడ్నీ జబ్బు మార్గదర్శకాలిచ్చే అంతర్జాతీయ సంస్థ) 2022లో మందు ఎంచేది ఈజీఎఫ్ఆర్, మూత్ర ఆల్బుమిన్, పొటాషియం చూసి. ఆ డబ్బుతో మూత్రం ఏసీఆర్ (ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి) చేయించండి. 30 మి.గ్రా./గ్రా. దాటితే మూడు నుంచి ఆరు నెలల్లో మూడు పరీక్షల్లో కనీసం రెండుసార్లు పెరిగిందని తేలాకే జబ్బనండి. జ్వరం రోజు, మూత్రంలో ఇన్ఫెక్షన్ రోజు తీసింది లెక్కలోకి రాదు.

కణజాలం: మీరు రాసే ఫినెరెనోన్ (మినరలోకార్టికాయిడ్ గ్రాహకాన్ని అడ్డుకునే మందు) చేసే పనిలో సగం మాక్రోఫేజ్‌ల మీదేనేమో! మాక్రోఫేజ్‌లోంచి మినరలోకార్టికాయిడ్ గ్రాహకం తీసేస్తే చిట్టెలుక గుండెలో మచ్చకట్టడం తగ్గింది. ఫిడెలియో ట్రయల్‌లో (2020) ఫినెరెనోన్ కిడ్నీ ముప్పు 18 శాతం తగ్గించింది. అది దేని వల్లంటారు?

తిరుపతి_నెఫ్రో: దేని వల్లో విడదీసి చెప్పే ట్రయల్ చూపించండి, ఒప్పుకుంటాను. ఈలోపు క్రెడెన్స్ ట్రయల్‌లో కిడ్నీ ముప్పు 30 శాతం తగ్గించిన ఎస్‌జీఎల్‌టీ2 రకం మందు (చక్కెరను మూత్రంలోకి పంపేది) ఈజీఎఫ్ఆర్ 20 దాకా మొదలుపెట్టండి. మొదట్లో ఈజీఎఫ్ఆర్ కొంచెం దిగుతుంది, 30 శాతం లోపైతే ఆపకండి.

సీరం_గొట్టం: ఫినెరెనోన్ రాసేవాళ్లకు ల్యాబ్ మాట. ఈజీఎఫ్ఆర్ 25–60 మధ్య 10, అంతకు పైన 20 మి.గ్రా. పొటాషియం 5.0 దాటితే మొదలుపెట్టకండి, 4 వారాలకు మళ్లీ చూడండి, 5.5 దాటితే ఆపండి. ఆపేముందు శాంపిల్ ఎలా వచ్చిందో అడగండి. పలమనేరు, కుప్పం వైపు కలెక్షన్ సెంటర్లలో సీరం వేరు చేయకుండా రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టి పంపితే, చల్లదనానికి కణాల్లోంచి పొటాషియం బయటికొచ్చి 4.6 ఉన్నది 5.8గా కనబడగలదు. టూర్నికెట్ కట్టి పిడికిలి బిగించి తెరిపించినా ఇంతే. 2 గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ చేయించండి. శాంపిల్ సరిగ్గానే ఉంటే అప్పుడు పొటాషియం ఎక్కువుండే కొబ్బరి బోండాల సంగతి అడగండి, ఎండాకాలంలో రోజుకి రెండు తాగేవాళ్లకి అది షుగర్ లేని నీళ్లనే నమ్మకం.